తడిపి కట్టిన ముడి

గురువారం మధ్యాహ్నం హేయికా నడిపే మంచుబండిని చెక్క స్లెడ్జి మీద వేసి లాక్కొచ్చారు. నడపకుండా తెమ్మని రావ్నాయే అంది. ఆమె షెడ్డు తలుపు పైకెత్తి పట్టుకుంటే, భర్త మిహ్కాల్, అతని అన్న పియెరా చెరోవైపూ పట్టి బండిని లోపలికి తోశారు. సీటు మీద మంచు పెంకు కట్టి ఉంది. హ్యాండిలు కుడి పిడికి చేతి తోలు తొడుగు ఒకటి అతుక్కుపోయి ఉంది. రావ్నా దాన్ని లాగబోయి ఆగింది. వెచ్చబడితే అదే ఊడొస్తుంది.

"చూడు మరి," అన్నాడు పియెరా తలుపు దగ్గరే నిలబడి. "ఆదివారం దొడ్డి దగ్గర అందరం కూర్చుంటాం. అప్పటికి చెబితే చాలు. ఏం చెప్తావో నాకు తెలుసులే."

"ఏం చెప్తానంటారు బావగారూ?"

"ఏ లోపమూ లేదని. నిద్రపోయినవాడి తప్పు నీ కరెంటు మీటరుకి దొరకదమ్మా."

మిహ్కాల్ నవ్వబోయి, భార్య మొహం చూసి మానేశాడు.

సోమవారం రాత్రి మంద కాపలా హేయికాది. చలి మైనస్ ముప్ఫై ఎనిమిది. తెల్లారేసరికి జట్టు మేపుకునే ధ్రువపు జింకలు గడ్డకట్టిన ఏరు దాటి పక్క జట్టు మందలో కలిసిపోయాయి. ఇప్పుడు రెండు మందల్నీ దొడ్డిలోకి తోలి, చెవి కోతల గుర్తులు చూసి, ఒక్కొక్కదాన్నీ పట్టి విడదీస్తున్నారు. కడుపుతో ఉన్న ఆడజింకలు ఆ తొక్కిసలాటలో నలిగిపోతున్నాయి. హేయికా మాత్రం పదకొండు కిలోమీటర్లు నడిచి కాపలా గుడిసె చేరాడు. కుడిచేతి వేళ్ళు తెల్లగా, కొయ్యముక్కల్లా ఉన్నాయి. ఆస్పత్రిలో రెండు తీసేశారు. బండి ఆగిపోయిందని అతనంటాడు. మంగళవారం మబ్బు పట్టి చలి కాస్త తగ్గాక పియెరా వెళ్ళి తాళం తిప్పితే అది మొదటిసారికే అందుకుంది. బండి వెనకాలి స్లెడ్జి మీద తోలు పరుచుకుని పడుకున్నాడనీ, మెలకువ వచ్చి మంద లేదని భయపడి ఈ కథ అల్లాడనీ జట్టంతా అనుకుంటోంది.

ఆదివారం తేల్చేది ఒక్కటే: వసంతంలో సముద్రం వైపు మంద కదిలేటప్పుడు హేయికా ఈ జట్టులో ఉంటాడా, ఉండడా. నడి చలికాలంలో వెళ్ళగొట్టిన మనిషిని ఇంకో జట్టు చేర్చుకోదు. ఉన్న కాసిని జింకల్నీ కోతకి పంపి, పట్నంలో ఏ గిడ్డంగిలోనో పెట్టెలు మోసుకోవాలి.

వాళ్ళిద్దరూ వెళ్ళాక రావ్నా దీపం కిందికి లాగి, వైర్ల వెంట ఊరికే కంటితో నడిచింది. ఇంజను, బెల్టు మగవాళ్ళ పని. వైర్లు రావ్నావి. బూట్లు కుట్టే వేళ్ళకి అదేం కష్టమని ఎవరో ఒకప్పుడన్నారు. అప్పట్నించీ జట్టులోని ఏడు బండ్లూ ఆమె నెత్తినే ఉన్నాయి.

పాత కుట్టు విప్పి చూసినట్టు ఒక్కొక్కటే చూసింది. ఫ్యూజు బాగానే ఉంది. పొగ పోవడానికి తలుపు మూరెడు ఎత్తి, ఇంజను వేసి, చలికి చేతులు కొంకర్లు పోకుండా పిడుల్ని వేడిచేసే మీట నొక్కింది. రెండు పిడుల్నీ అరచేతుల్లో పట్టుకుని నిలబడింది. కాసేపటికే వెచ్చబడ్డాయి. వేగం మీట మీద బొటనవేలు ఆనేచోట ఉండే చిన్న రేకూ వెచ్చబడింది. ఇంజను ఆపి మీటరు పెడితే కుడిదీ ఎడమదీ ఒకటే అంకె. ఇంజను వేడిని కనిపెట్టే సెన్సర్ని ఊడదీసి గిన్నెలో నీళ్ళలో ముంచి, పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు కాగేకొద్దీ అంకె దిగాలి. దిగింది. ఎక్కడా తడబడలేదు.

ఈలోగా పిడికి అంటుకున్న తొడుగు మెత్తబడి ఊడి కింద పడింది. వెచ్చదనానికి లోపల కూరిన ఎండుగడ్డి ఇంకా చేతి ఆకారంలోనే ఉంది.

రావ్నా దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. నిద్రపోయేవాడు తొడుగు తీయడు.

*

శుక్రవారం పొద్దున్న ఎముకల పులుసు గిన్నె గుడ్డలో కట్టుకుని హేయికా ఇంటికి వెళ్ళింది. అతను ఎడమచేత్తో పొయ్యిలోకి కట్టె తోస్తున్నాడు. కట్టె అడ్డం తిరిగి పొయ్యి నోటికి తగులుకుంది. రావ్నా సాయం చేయబోలేదు. అతను రెండోసారికి సరిగ్గా పెట్టి తలుపు మూశాడు.

"కూర్చో వదినా. కాఫీ నువ్వే పోసుకోవాలి. నేను పోస్తే బల్ల తాగేస్తుంది."

"బండి ఏం చేసిందో నాకు మళ్ళీ చెప్పు. మా బావగారికి చెప్పినట్టు కాదు. ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది, అట్లా చెప్పు."

"ముందు పిడులు చల్లబడ్డాయి. బొటనవేలి దగ్గర కూడా. మీట తప్పు నొక్కానేమో అనుకున్నాను. మంద ఏటివైపు సాగుతుంటే అడ్డం వెళ్దామని ఎడమకి తిప్పాను. ఎర్రదీపం వెలిగింది. ఇంజను కాలిపోతోందన్నట్టు. కాలడమేంటి, ముట్టుకుంటే చల్లగా ఉంది. ఇక అక్కణ్ణుంచి ఎంత నొక్కినా ముసలి కుక్క నడిచినట్టే నడిచి, చివరికి ఆగింది. జింకలు నా ముందే ఏరు దాటాయి. తీరిగ్గా దాటాయి వదినా. ఒకటి వెనక్కి తిరిగి నన్ను చూసింది కూడా."

"తొడుగు ఎందుకు తీశావు?"

హేయికా కిటికీ వైపు చూశాడు. గాజు మీద మంచు పూలు పూసి బయటేమీ కనబడటం లేదు.

"తీశాను," అన్నాడు.

"అదే, ఎందుకని?"

"పులుసులో ఉప్పు వేశావా? మొన్న మీ మిహ్కాల్ వండి పంపింది గడ్డి కడిగిన నీళ్ళలా ఉంది."

రావ్నా గిన్నె కట్టిన గుడ్డ మడుచుకుంది. లేచేటప్పుడు గుమ్మం పక్కన అతని తోలు బూట్లు కనబడ్డాయి. పోయినేడు ఆమె కుట్టినవే. కుట్టు ఎక్కడా చెదరలేదు.

ఇంటికొచ్చి షెడ్డు తలుపు పూర్తిగా ఎత్తి, బండిని బయటికి తోసింది. మిహ్కాల్ వంటింటి కిటికీలోంచి చూసి వచ్చాడు.

"ఇంత కష్టపడి లోపల పెట్టింది మళ్ళీ బయట పడేయడానికా?"

"లోపల జబ్బు లేదు. జబ్బు చలిలో ఉంది. రేపు పొద్దుటిదాకా ఇక్కడే ఉండనీ."

*

శనివారం తొమ్మిదింటికి దక్షిణాన ఆకాశం ఎర్రబారింది కానీ, ఉత్తరపు కొస చలికాలం కదా, సూర్యుడింకా పైకి రాలేదు. మైనస్ ముప్ఫై ఆరు. రావ్నా ఇంజను వేసి, పిడుల వేడి పెట్టి, సీటు మీద కూర్చుంది. పిడులు వెచ్చబడ్డాయి. కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చుంది. కనురెప్పల వెంట్రుకలు అంటుకుంటున్నాయి. తర్వాత హ్యాండిలుని నెమ్మదిగా కుడికి తిప్పింది. ఏమీ కాలేదు. ఎడమకి, చివరిదాకా తిప్పింది.

ముందు అరచేతుల కింద వేడి చచ్చిపోయింది. ఆ వెంటనే ఎర్రదీపం వెలిగింది. ఇంజను గొంతు పడిపోయింది.

తిన్నగా పెట్టినా దీపం ఆరలేదు. ఆపి మళ్ళీ వేసినా ఆరలేదు. రావ్నాకి చలి గుర్తుకు రాలేదు. పక్కరేకు విప్పి, దీపం వేసి, హ్యాండిలు కాడ వెంబడి దిగే వైర్ల కట్టని వెతికింది. ఇంజను సెగ తగిలే మలుపు దగ్గర కట్టకి ఒక ముడి ఉంది. తేనెరంగులో, ఎముకలా గట్టిపడి, వైర్లలోకి దిగబడిపోయి ఉంది.

అది బూట్లు కుట్టే జింక నరం. ముడి ఆమెదే.

ఎన్ని ముళ్ళలో ఉన్నా గుర్తుపట్టగలదు. రెండు చుట్లు, కిందినుంచి ఒక మెలిక, కొస లోపలికి. బూటు మడమ దగ్గర వేసే ముడి. పోయిన చలికాలం వైర్లని కట్టే ప్లాస్టిక్ పట్టీలు పుల్లల్లా విరిగిపోయాయని, మొన్న అక్టోబరులో ఏడు బండ్లకీ అవి తీసేసి నరంతో కట్టింది. పియెరా తన బండి మూత ఎత్తి చూసుకుని, "మన ఆడవాళ్ళు పేనిన నరం ముందు ఆ ప్లాస్టిక్కెంత," అని నలుగురిలో అన్నాడు. ఆ మాట ఆమె చాలా రోజులు మనసులో పెట్టుకుని తిరిగింది.

ముడి కింద గుండుసూది పట్టే సందు కూడా లేదు. చివరికి బండిని లోపలికి తోసి, కట్టని ఆ మలుపుతో సహా కోసి, బల్ల మీద పెట్టుకుంది. భూతద్దం కింద నరాన్ని పోగు పోగుగా చీల్చింది. నరం కిందున్న వైర్ల పైతొడుగు చుట్టూ కొరికినట్టు తెగి ఉంది. పిడుల నుంచి కరెంటు తిరిగొచ్చే వైరులో రాగి పోగులు నాలుగే మిగిలాయి. వాటి పక్కనే సెన్సర్ వైరు, అదీ ఒలిచినట్టయింది. చలికి బిగుసుకుని, ఎడమకి తిప్పినప్పుడు లాగబడితే ఆ నాలుగు పోగులూ విడిపోతాయి. పిడులు చల్లబడతాయి. విడిపోయిన కొస సెన్సర్ వైరుని తాకి, అంకె దిగిపోతుంది. ఇంజను కాలిపోతోందని బండి నమ్ముతుంది. వెచ్చటి షెడ్డులో అంతా మళ్ళీ సర్దుకుంటుంది.

అన్నీ సరిపోయాయి. ఎక్కడా ఒక్క కుట్టు తప్పలేదు.

అత్తగారు గాద్యా వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని నరం పేనుతోంది. జింక కాలి నరాన్ని పంటితో చీల్చి, చెంప మీద అరచేత్తో దొర్లించి దారం చేస్తోంది. డెబ్బై ఏళ్ళ ఆ పనికి ఆమె ఎడమ చెంప నున్నగా మెరుస్తుంది. రావ్నా ముడి ముక్కని ఆమె ఒళ్ళో పెట్టింది.

ముసలామె దాన్ని గోటితో గీకింది, వాసన చూసింది.

"తడిపి కట్టావా?"

"తడిపే కదత్తయ్యా కుడతాం."

"బూటుకి తడుపుతాం. బూటు మళ్ళీ తడుస్తుంది, నరం ఉబ్బుతుంది, సందు మూసుకుంటుంది. ఎండినా మళ్ళీ మంచులో కాలు పెడతాం కదా. దీన్ని నువ్వు తడిపి కట్టి, పొయ్యిలా కాగే ఇంజను పక్కన పెట్టావు. అది ఎండుతూనే ఉంటుంది. ఎండేకొద్దీ కొరుకుతుంది." ముక్కని తిరిగి ఇచ్చింది. "నన్నొక మాట అడగాల్సింది."

"అడగలేదు."

"బండి పనులు ముసలిదానికేం తెలుసులే అనుకున్నావు."

రావ్నా ముక్కని పిడికిట్లో మూసింది. అదే నిజం.

భోజనాల దగ్గర మిహ్కాల్‌కి చెప్పింది. అతను ఎండు మాంసం కోస్తున్న కత్తిని బల్ల మీద పెట్టాడు.

"వైరు తెగిందని చెప్పు చాలు. పాతబడి తెగిందను. హేయికా మీద మాట పోతుంది, నీ మీదికి రాదు."

"వైరు చుట్టూ తెగి ఉంది. నరం పేరెత్తకుండా అది చూపిస్తే, సాకు కోసం హేయికాయే కత్తితో కోసుకున్నాడంటాడు మీ అన్న. అనడా?"

మిహ్కాల్ కోసిన మాంసం ముక్కల్ని పక్కకి జరిపాడు.

"పైగా ఏడు బండ్లున్నాయి. అందులో ఒకటి నీది."

*

దొడ్డి దగ్గరి గుడిసెలో తడి ఉన్ని వాసన, కాఫీ వాసన కలిసిపోయి ఉన్నాయి. బయట జింకల గిట్టలు కటకటమంటూ దొడ్డి చుట్టూ తిరుగుతున్నాయి. మగవాళ్ళు విసురుతాళ్ళు భుజాన ఉంచుకునే కూర్చున్నారు. హేయికా తలుపు దగ్గర నీళ్ళ డబ్బా మీద కూర్చున్నాడు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు.

రావ్నా ముడి ముక్కనీ, తెగిన వైర్లనీ బల్ల మీద కాఫీ గిన్నెల మధ్య పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. నరం తనదని, ముడి తనదని, తడిపి కట్టానని చెప్పింది. మాటల మధ్య రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

పియెరా అలవాటుగా చీజ్ ముక్కని కాఫీలో వేసి, అది మెత్తబడేదాకా చూశాడు.

"నీది జాలి గుండెని తెలుసమ్మా. అతని భార్య పోయినప్పట్నించీ ఆ ఇంటికి బూట్లు కుట్టిపెడుతున్నావు, వండి పంపుతున్నావు. ఇప్పుడు తప్పు కూడా మోస్తానంటావు. దారం కొరికితే బండి ఆగుతుందా?"

"మీ బండికీ అదే ముడి ఉంది బావగారూ. బయటే ఉంది కదా, మూత ఎత్తండి. ఆ ముడి విప్పండి."

"విప్పి?"

"విప్పండి చాలు."

ఎవరో నవ్వారు. నలుగురూ లేచారు కాబట్టి పియెరా కూడా లేచాడు. బయట వెలుగు నీలంగా ఉంది. అతను పక్కరేకు తీసి, వంగి చూశాడు. తొడుగులతోనే కాసేపు తడిమాడు. నడుముకున్న కత్తి తీశాడు.

"కత్తి వద్దన్నా." ఆ గొంతు వెనకనుంచి వచ్చింది. హేయికా గుడిసె గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ముడి వైర్లలోకి దిగిపోయి ఉంటుంది. కత్తి పెడితే అన్నీ తెగుతాయి. ఒట్టి వేళ్ళతోనే చేయాలి."

పియెరా అతనికేసి చూశాడు. కత్తి ఒరలో పెట్టి, కుడిచేతి తొడుగు తీశాడు. గోటితో ముడి అంచు లేపబోయాడు. జారింది. రెండో తొడుగూ తీశాడు. అతని వేళ్ళు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మొద్దుబారి ఒకదానికొకటి తగులుకోసాగాయి. చేతులు చంకల్లో పెట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ వంగాడు. ముడి కదల్లేదు.

"ఎంతసేపు చేశావు?" అడిగాడు, తల ఎత్తకుండానే.

"తెలీదన్నా. ఇంతకంటే చాలాసేపు. హ్యాండిలు తిప్పగానే దీపం వెలిగిందని, వైర్ల వెంట తడుముకుంటూ వెళ్తే ముడి తగిలింది. అదొక్కటి వదులు చేస్తే బండి కదులుతుంది, మంద దొరుకుతుంది అనుకున్నాను. తర్వాత వేళ్ళు నావి కావన్నట్టయింది."

రావ్నా అతనివైపు తిరిగింది. "ముడి ఎవరిదో నీకప్పుడే తెలుసు."

"చేత్తో తడిమితేనే తెలిసింది వదినా. ఇక్కడ ఇంకెవరు వేస్తారు ఆ ముడి."

"మరి చెప్పలేదేం?"

హేయికా కాళ్ళవైపు చూసుకున్నాడు.

"పదకొండు కిలోమీటర్లు నడిచాను. ఈ బూట్లలో చుక్క తడి రాలేదు. కాళ్ళకి ఏమీ కాలేదు. అదీ నీ ముడే కదా. ఏమని చెప్పను?"

దొడ్డిలో జింకలు తిరుగుతూనే ఉన్నాయి. పియెరా తొడుగులు వేసుకున్నాడు. అవి వేసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. క్షమించమని ఎవరినీ అడగలేదు. అతనలా అడగడం ఎవరూ ఎరగరు.

"ఆ చేత్తో ఇక తాడు విసరలేవు," అన్నాడు చివరికి. "వసంతంలో మందకి ముందు నడువు. ముందుండేవాడికి తాడక్కర్లేదు." బండి పక్కరేకు తనే మూసి, రావ్నాకేసి చూడకుండా, "ఇవాళ ఈ బండ్లు ఎవరూ తీయకండి," అన్నాడు.

*

ఆ సాయంత్రమే రావ్నా మిగిలిన ఆరు బండ్లనీ ఒకదాని తర్వాత ఒకటి గుడిసెలో పొయ్యి పక్కకి తోయించి, ముళ్ళు చీల్చి తీసింది. నాలుగింటికి వైరు పైతొడుగు అప్పటికే తెగి ఉంది. మిహ్కాల్ దీపం పట్టుకున్నాడు. మిగతావాళ్ళు కాఫీ ఇచ్చారు, మంచిమాటలే మాట్లాడారు.

మరుసటి బుధవారం పియెరా తన బండిని పట్నంలో మరమ్మతు దుకాణానికి తీసుకెళ్ళాడని తెలిసింది. ఆ వెనకే ఇంకో ముగ్గురు వెళ్ళారు. ఎవరూ ఏమీ అనలేదు. దారిలో కనబడితే ఎప్పటిలాగే చెయ్యెత్తారు. మిహ్కాల్ ఒకరోజు ప్లాస్టిక్ పట్టీల పొట్లం తెచ్చి, బల్ల మూల పెట్టి, దాని గురించి మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. తన బండి వైర్లు మాత్రం అప్పటికే తనే కట్టేసుకున్నాడు.

హేయికా బండికి కొత్త వైర్లు వేసి, వాటిని ముడి వేయకుండానే పంపేశాక, షెడ్డులో పొయ్యి రాజేయవలసిన పని లేకపోయింది. రావ్నా మీటరుని గుడ్డలో చుట్టి అరలో పెట్టింది. మళ్ళీ తీసి, బ్యాటరీ ఊడదీసి, విడిగా పెట్టింది. ఊరికే ఉంటే కారిపోతుంది.

ఫిబ్రవరి రెండో వారంలో షెడ్డు తలుపు మీద ఎవరో కాలితో తట్టారు. హేయికా. వెనకాల అతని బండి. దాన్ని స్లెడ్జి మీద తేలేదు. ఒంటిచేత్తో నడుపుకుంటూ వచ్చాడు.

"వైర్లు వేలాడుతున్నాయి వదినా. కట్టు."

"పట్నంలో దుకాణం ఉంది. అందరూ అక్కడికే వెళ్తున్నారు."

"అక్కడివాళ్ళకి నా పేరే సరిగ్గా రాయడం రాదు. తలుపెత్తు, చలి."

ఆమె పొయ్యి రాజేసింది. కట్టని సర్ది, కొత్త వైర్లని సెగకి దూరంగా మలిపింది. మూలనున్న ప్లాస్టిక్ పట్టీల వైపు చేయి చాచింది.

"అవి విరుగుతాయి," అన్నాడు హేయికా.

రావ్నా లోపలికి వెళ్ళి అత్తగారి బుట్టలోంచి నరం పేట ఒకటి తెచ్చింది. ముసలామె ఎందుకని అడగలేదు. పొడిది ఏరి ఇచ్చింది. రావ్నా దాన్ని నోట్లో పెట్టుకోబోయి, అలవాటు గుర్తొచ్చి ఆపుకుంది. పొడిగానే చుట్టింది. చుట్టుకి కింద కత్తి మొన పట్టేంత సందు వదిలింది. కొసని లోపలికి దోపలేదు. జానెడు మిగిల్చి, మడిచి, ఉచ్చులా బయటికి వేలాడదీసింది.

"ఇటు రా. తొడుగు వేసుకో. ఆ చేతికే."

అతను పళ్ళతో పట్టి తొడుగు లాక్కున్నాడు. రెండు వేళ్ళచోట తొడుగు ఖాళీగా ఒరిగింది.

"లాగు."

హేయికా వంగి, మందపాటి తోలు మధ్య ఆ కొసని తడుముకుని లాగాడు. ముడి ఒక్కసారిగా విడిపోయి, నరం అతని తొడుగు మీద పడింది.

రావ్నా దాన్ని తీసుకుని మళ్ళీ కట్టింది. "ఇంకోసారి," అంది. "ఈసారి కళ్ళు మూసుకుని."